బాయి ఊరాలె

మూడో రౌండు సగంలో వాంతి అయింది. డాబా మీద, తులసికోట పక్కన. మా వాడు ఫోన్లో టైమర్ పట్టుకుని "ఇంకో పది సెకన్లే అమ్మా, ఆపకు" అంటూనే ఉన్నాడు. హై ఇంటెన్సిటీ ఇంటర్వల్ ట్రైనింగ్, జిమ్ పిల్లలు 'హిట్' అని పిలిచే దానితో నా మొదటి పరిచయం అది. లెక్కగా చెప్పాలంటే 70 సెకన్ల పరిచయం.

అప్పటికి నాకు 42 ఏళ్ళు. ఉండేది హనుమకొండలో. హైస్కూల్లో లెక్కలు చెబుతాను. మా ఆయనది కాజీపేటలో రైల్వే ఉద్యోగం, డ్యూటీ పగలో రాత్రో ముందు రోజు దాకా తెలియదు. పొద్దున వంట, తర్వాత స్కూలు, సాయంత్రం పేపర్లు. గంటసేపు వాకింగ్‌కు ఎక్కడా సందు దొరకలేదు. దొరకలేదని నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను అనడమే నిజం.

అంతకు నెల ముందు, 2024 ఫిబ్రవరిలో, మేడారం జాతరకు వెళ్ళాం. బస్సు దిగి జంపన్న వాగులో స్నానం చేసి గద్దెల దాకా నడవాలి. ఎండ, దుమ్ము, జనం. భుజాన బంగారం సంచి. (మేడారంలో బెల్లాన్నే బంగారం అంటామని మన వైపు వాళ్ళకు చెప్పనక్కర్లేదు.) వాగు దాటి కొంచెం పోయానో లేదో గుండె దడదడలాడింది. ఒక చెట్టు కింద కూలబడ్డాను. ముందు నడుస్తున్న మా అత్తమ్మ, 68 ఏళ్ళ మనిషి, వెనక్కి వచ్చి "ఏం బిడ్డా, గింత దూరానికే కూసున్నవా?" అని నా సంచి కూడా తన భుజాన వేసుకుంది. ఆ మాటలో ఎగతాళి లేదు. అందుకే ఎక్కువ గుచ్చుకుంది.

మార్చి నడుమ ఒంటిపూట బడులు మొదలయ్యాక ఫోన్లో ఒక వీడియో కనబడింది. రోజుకు నాలుగు నిమిషాలు చాలట. 20 సెకన్లు శక్తి కొద్దీ చేయాలి, 10 సెకన్లు ఆగాలి, అలా ఎనిమిది సార్లు. గంట వ్యాయామంతో సమానమట. లెక్కల టీచర్ని కదా, నాలుగు నిమిషాలకు గంట ఫలితం అంటే ఎక్కడో ఒక మెట్టు దాచారని తోచాలి. తోచలేదు. ఒక ఆదివారం పొద్దున రెండు ముక్కలు సర్వపిండి తిని, డాబా ఎక్కి, బర్పీలు మొదలుపెట్టాను. గొంతుక్కూర్చోవడం, చేతులు నేలకానించి కాళ్ళు వెనక్కి విసరడం, మళ్ళీ లేచి ఎగరడం. కింది వాటాలో ఉండే ఆమె "పైన ఏం దంచుతున్నరక్కా?" అని పిలిచేలోపే నా పని అయిపోయింది.

మూడు రోజులు మెట్లు దిగాలంటే గోడ పట్టుకోవాల్సి వచ్చింది. తొడలు రాళ్ళయ్యాయి. బోర్డు కిందిభాగం దాకా వంగలేక లెక్కంతా పైసగంలోనే చిన్న అక్షరాలతో ఇరికించాను. పిల్లలు కనిపెట్టేశారు. వాళ్ళ ద్వారా పీడీ సార్‌కు తెలిసింది.

సార్ ముందు నవ్వారు. తర్వాత స్టాఫ్‌రూమ్‌లో కూర్చోబెట్టి అసలు సంగతి చెప్పారు. ఆ 20-10 పద్ధతికి తబాటా అని పేరు. ఇజుమి తబాటా అనే జపాన్ శాస్త్రవేత్త తన బృందంతో కలిసి 1996లో ప్రచురించిన ప్రయోగం వల్ల ఆ పేరు వచ్చింది. చేసినవాళ్ళు వ్యాయామ విద్య చదువుకుంటున్న కుర్రాళ్ళు. చేసింది ఎగరడం కాదు, కదలకుండా ఒకచోట ఉండే సైకిలు తొక్కడం. ఒంటికి ఆక్సిజన్ వాడుకోగల పరిమితి ఒకటి ఉంటుంది కదా, ఆ పరిమితిని అందుకునే శ్రమకు 1.7 రెట్ల శ్రమ. ఏడెనిమిది సార్లకు కాళ్ళు ఇక తిరగనని మొరాయిస్తాయి. ఇంకో జట్టు వారానికి ఐదు రోజులు, రోజుకు గంట చొప్పున మామూలు వేగంతో తొక్కింది. ఆరు వారాలకు చూస్తే ఆక్సిజన్ వాడుకునే శక్తి రెండు జట్లకూ పెరిగింది. గట్టిగా తొక్కిన జట్టుకు, ఆక్సిజన్ చాలని స్థితిలో కూడా పని చేయగల శక్తి అదనంగా పెరిగింది. ఇంతవరకు వీడియో చెప్పింది అబద్ధం కాదు. కానీ ఆ కుర్రాళ్ళు ముందు పది నిమిషాలు వార్మప్ చేశారని, వారంలో ఒక రోజు అరగంట మామూలు సైకిలు కూడా తొక్కారని అందులో లేదు. నాకు తోచని ఆ దాచిన మెట్టు అదే.

"మీరు చేసింది తబాటా కాదు మేడం, గుంజీలు" అన్నారు సార్. "ఇంటర్వల్ అంటే ఏంది? నడుమ ఉండే ఖాళీ. మీరు ఖాళీ ఇడిసిపెట్టి మిగతాది పట్టుకున్నరు."

ఇంటికి వచ్చి ఇదే మాట అత్తమ్మకు చెప్పాను. నర్సంపేట దగ్గర మాకు రెండెకరాలుంది, పాత వ్యవసాయ బావి కింద. ఆమె ఉల్లిగడ్డలు కోస్తూ తలెత్తకుండానే అంది: "బాయి ఊరకముందే మోటరేస్తే బురదే వస్తది." సార్ అరగంట చెప్పింది ఒక్క మాటలో తేలిపోయింది. తర్వాత నాలుగైదు పుస్తకాల్లో చదివినా నాకు ఇంతకంటే బాగా అర్థమయ్యేలా ఎవరూ చెప్పలేదు. గట్టిగా కదిలినప్పుడు కండరాలు తమలో దాచుకున్న సరుకును గబగబా వాడేస్తాయి. ఊపిరి ద్వారా వచ్చే ఆక్సిజన్ ఆ వేగానికి చాలదు, అప్పు పడుతుంది. ఆగాక కూడా కాసేపు రొప్పుతాం కదా, అది అప్పు తీర్చడమే. బావి ఊరినంత సేపు ఆగితే రెండో తడి కూడా మొదటి తడంత జోరుగా పారుతుంది. పది సెకన్లలో ఊరే బావి నాది కాదు.

మొదలుపెట్టేముందు డాక్టర్ దగ్గరికి వెళ్ళాను. సార్ పెట్టిన షరతు అది. బీపీ, ఈసీజీ బాగానే ఉన్నాయి. మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ మాత్రం 6.1. ఇది 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే ప్రీడయాబెటిస్, 6.5 గానీ అంతకు మించి గానీ ఉంటే షుగర్ వ్యాధి. అంటే నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. డాక్టరమ్మ వ్యాయామం చేయొద్దనలేదు, చేయమంది. ఛాతీ బరువెక్కినా, నొప్పి ఎడమ చేతికో దవడకో పాకినా, కళ్ళు తిరిగినా రౌండు పూర్తి చేద్దామని చూడకుండా అక్కడే ఆపేయమంది. మా ఇంగ్లిష్ టీచర్ కూడా నాతో వచ్చింది. ఆమె బీపీకి అటెనలాల్ వేసుకుంటుంది. ఆ రకం మాత్రలు గుండె వేగాన్ని పెరగనివ్వవు కాబట్టి నాడి లెక్కలు ఆమెకు పనికిరావని అక్కడే తెలిసింది. అలాంటి వాళ్ళు ఆయాసాన్ని బట్టే చూసుకోవాలి.

నాడి లెక్క అంటే నాకు సరదా. గుండె గరిష్ఠ వేగం 220 లోంచి వయసు తీసేస్తే వస్తుందంటారు: నాకు 178. ఇంకో సూత్రం 208 లోంచి వయసుకు 0.7 రెట్లు తీసేయమంటుంది: 178.6. నలభై ఏళ్ళ దగ్గర రెండు గీతలూ కలుస్తాయి, అందుకే నాకు రెండూ ఒకటే. అయితే రెండూ సగటులే, మనిషిని బట్టి పది పన్నెండు అటూ ఇటూ మారుతుంది. అందులో 85 శాతం దాకా, అంటే సుమారు 150 దాకా, గుండెను తీసుకుపోవడం హిట్‌లో గట్టి భాగం పని. తమాషా ఏమిటంటే, నేను మామూలుగా చెయ్యూపుకుంటూ జోరుగా నడిస్తేనే 150 దాటింది. మణికట్టు మీద 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేసి చూశాను, నమ్మలేక మళ్ళీ చూశాను. అంటే నాకు బర్పీలు అక్కర్లేదు. ఎగరనక్కర్లేదు. పరుగు కూడా అక్కర్లేదు. నా 'హై ఇంటెన్సిటీ' నడకలోనే ఉంది. ఇది సిగ్గుపడాల్సిన విషయమో సంతోషించాల్సిన విషయమో ఆ రోజు తేల్చుకోలేకపోయాను.

నాడి చూడ్డానికి ప్రతిసారీ ఆగలేం. అందుకని సార్ చెప్పిన మాటల పరీక్షను, అంటే కదులుతూ ఎంత మాట్లాడగలమో చూసుకోవడాన్ని, నా పద్ధతికి మార్చుకున్నాను. పదమూడో ఎక్కం. మెల్లగా నడిచేటప్పుడు పదమూడు పదుల నూట ముప్పై దాకా ఆగకుండా చెప్పగలగాలి. గట్టి భాగంలో పదమూడు మూళ్ళు ముప్పై తొమ్మిది దగ్గరే ఊపిరి తెగాలి. నాలుగులు, అయిదులు కూడా వస్తున్నాయంటే ఇంకా వేగం పెంచవచ్చు. పదమూడు ఒకట్లకే మాట రాకపోతే ఎక్కువైనట్టు. తర్వాత మా వాడు తన చేతి బ్యాండ్ ఇచ్చి వాడమన్నాడు. నేను జోరందుకున్న కాసేపటికి గానీ దాని అంకె కదలదు, అప్పటికి నా రౌండు అయిపోతుంది. ఎక్కమే నయం.

ఏప్రిల్ మొదటి వారంలో స్కూల్ గ్రౌండ్‌లో మొదలుపెట్టాం, నేను, ఇంగ్లిష్ టీచర్. పొద్దున ఐదున్నరకే, ఎందుకంటే మన వరంగల్ ఎండ సంగతి తెలిసిందే, ఏడు దాటితే మట్టి కూడా కాలుతుంది. స్పోర్ట్స్ డేకి వేసిన 200 మీటర్ల సున్నపు గీతలు ఇంకా చెరగలేదు. ఎనిమిది నిమిషాలు మామూలు నడక, చీలమండలు, మోకాళ్ళు, భుజాలు తిప్పడం. తర్వాత 30 సెకన్లు జోరు, 90 సెకన్లు మెల్లగా. ఆరు సార్లు. చివర ఐదు నిమిషాలు ఊరికే నడక. మొత్తం 25 నిమిషాలు. వారానికి రెండు రోజులే, మధ్య కనీసం ఒక రోజు ఖాళీ. అంటే నేను నిజంగా కష్టపడేది రోజుకు మూడు నిమిషాలు, వారానికి ఆరు. ఈ లెక్క చెబితే మా ఆయన "మరి దీనికి బూట్లెందుకు కొన్నవ్?" అన్నారు.

కష్టం ఎక్కడొచ్చిందంటే ఆ 90 సెకన్లలో. జోరుగా నడవడం రెండు రోజుల్లో వచ్చేసింది. మెల్లగా నడవడం నెలన్నర పట్టింది. ఊపిరి కొంచెం కుదురుకోగానే కాలు తనంతట తాను వేగం అందుకునేది. నెమ్మదిగా నడుస్తుంటే ఎవరైనా చూసి బద్ధకం అనుకుంటారేమోనని. సార్ గేటు దగ్గర నుంచి "మెల్లగ మేడం, మెల్లగ! బాయి ఊరాలె!" అని అరిచేవారు. అత్తమ్మ మాట నేనే చెప్పాను ఆయనకు, ఇక వదల్లేదు. 90 సెకన్లను అలాగే వృథా చేసుకున్న రోజుల్లో నాలుగో రౌండుకే కాళ్ళు బరువెక్కేవి. పూర్తిగా వాడుకున్న రోజున ఆరో రౌండు మొదటి రౌండంత దూరం పోయేది. గీతల మీద కొలిచాను: 30 సెకన్లకు 55 మీటర్లు, ఆరింటికీ దాదాపు అంతే.

సార్‌కు పరుగంటే పిచ్చి. ఎమిల్ జాటోపెక్ గురించి ఆయన చెప్పని రోజు లేదు. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో 5,000 మీటర్లు, 10,000 మీటర్లు, మారథాన్ మూడూ గెలిచిన మనిషి. ఆయన ప్రాక్టీసులో ఎక్కువ భాగం 400 మీటర్లు జోరుగా, నడుమ కొంత మెల్లగా, మళ్ళీ జోరుగా. హిట్ అనే పేరు కొత్తదే గానీ పని పాతదని సార్ వాదన. 2021 సెప్టెంబర్లో మన హనుమకొండ జేఎన్ఎస్ స్టేడియంలో జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ జరిగినప్పుడు ఆయన రోజంతా అక్కడే ఉన్నారట. 1,500 మీటర్లలో 2002 నుంచి సునీతా రాణి పేరున ఉన్న జాతీయ రికార్డును హర్మిలన్ బైన్స్ 4 నిమిషాల 5.39 సెకన్లతో దాటేసింది ఆ ట్రాక్ మీదే. ఆ అంకె చెప్పేటప్పుడు ఆయన గొంతు మారుతుంది. నేను 400 మీటర్లకే నాలుగు నిమిషాలు తీసుకునే రోజుల్లో ఆ కథ విని ఉత్సాహపడ్డానని చెప్పలేను.

మే నెల సెలవుల్లో గ్రౌండ్ మూసేశారు. గోవిందరాజుల గుట్ట మెట్లకు మారాం. ఎక్కడం గట్టి భాగం, దిగడం విశ్రాంతి అనుకున్నాం. లెక్క బాగానే ఉంది. కానీ దిగేటప్పుడు తొడ కండరాలు సాగుతూ బరువు మోస్తాయి, మర్నాటి నొప్పులకు ఎక్కువ కారణం అదే. మొదటి రోజు దిగేటప్పుడు గబగబా దిగాను. తెల్లారి డాబా రోజులు గుర్తొచ్చాయి. తర్వాత నుంచి ఒక్కో మెట్టు పక్కకు తిరిగి దిగాం. పూజకు వచ్చిన పెద్దామె ఒకామె మొక్కు అనుకుని "ఎన్ని సార్లు ఎక్కుతమని మొక్కిన్రు బిడ్డా?" అని అడిగింది. ఆరు అన్నాను.

జూన్లో స్కూళ్ళు తెరిచాక జోరు భాగం పరుగుగా మారింది. మారింది అంటే నేను నిర్ణయించుకున్నది కాదు. ఎంత జోరుగా నడిచినా ఎక్కం పదమూడు ఆరుల దాకా పోతుంటే ఇక పరిగెత్తక తప్పలేదు. జూలైలో ఒక రోజు ఆలస్యమైందని వార్మప్ మింగేసి నేరుగా పరిగెత్తాను. రెండో రౌండుకే ఎడమ పిక్క పట్టేసింది. పది రోజులు పడక కాదుగానీ, కుంటుడు. అన్నీ పోయాయని దిగులుపడ్డాను. మళ్ళీ మొదలుపెట్టినప్పుడు రెండు వారాలు వెనక్కి వెళ్ళి నడకతోనే చేయమన్నారు సార్, మూడో వారానికి పాత చోటికి వచ్చేశాను.

సెప్టెంబర్ మొదట్లో స్టాఫ్‌రూమ్‌లో మిఠాయిలు పంచారు. మన పర్వతగిరి మండలం కల్లెడ అమ్మాయి జీవాంజి దీప్తి పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల టీ20 విభాగంలో (మేధో వైకల్యం ఉన్నవాళ్ళ పరుగు అది) కాంస్యం గెలిచింది, 55.82 సెకన్లలో. నేను వెంటనే కాగితం తీసి లెక్క వేశాను. ఏప్రిల్లో నేను 30 సెకన్లలో పోయిన 55 మీటర్లు ఆ అమ్మాయికి ఎనిమిది సెకన్లు కూడా పట్టవు. ఆ కాగితం ఇంకా నా లెసన్ ప్లాన్ పుస్తకంలో ఉంది. తొమ్మిదో తరగతికి వేగం, కాలం, దూరం అదే కాగితంతో చెప్పాను.

ఫలితాలు అడుగుతారు కాబట్టి చెబుతాను. అక్టోబర్లో హెచ్‌బీఏ1సీ 5.8 వచ్చింది. అయితే అదే ఆరు నెలల్లో రాత్రి అన్నం మానేసి జొన్న రొట్టెకు మారాను, మిగతా రోజుల్లో అరగంట నడిచాను కూడా. ఎవరి వాటా ఎంతో చెప్పే లెక్క నా దగ్గర లేదు. పొద్దున లేవగానే చూసే నాడి 84 నుంచి 74కు వచ్చింది. బరువు మాత్రం 71 నుంచి 69, అంతే. వ్యాయామం అయ్యాక రోజంతా కొవ్వు కరుగుతూనే ఉంటుందని వీడియోల్లో చెబుతారు. కొంచెం అదనపు ఖర్చు ఉంటుంది, కానీ అది ఒక సకినంతో సరి. బరువు కోసమే అయితే వంటగది వైపు చూడాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారానికి కనీసం 150 నిమిషాల మధ్యస్థ శ్రమ, లేదా 75 నిమిషాల గట్టి శ్రమ అంటుంది. నా ఆరు నిమిషాలు దానికి ప్రత్యామ్నాయం కాదు, అందుకే నడక మానలేదు.

అంకెల్లో రానిది ఒకటుంది. సద్దుల బతుకమ్మ రోజు పద్మాక్షి గుట్ట దగ్గర ఎప్పుడూ రెండు పాటలకే పక్కకు వచ్చి పళ్ళెం కాపలా కూర్చునేదాన్ని. ఈసారి పళ్ళెం దగ్గర అత్తమ్మ కూర్చుంది. కాలు నొప్పి అంది. నిజమో, నన్ను ఆడనివ్వాలనో.

ఇప్పుడు నిమిషం జోరు, నిమిషంన్నర మెల్లగా, ఆరు సార్లు చేస్తున్నాను. 30 సెకన్ల దూరం 55 నుంచి 85 మీటర్లకు వచ్చింది. నిమిషం జోరులో మాత్రం అంత వేగం నిలవడం లేదు. ఇంగ్లిష్ టీచర్ ఇంకా నడకలోనే ఉంది, ఆమెకు అది చాలు. మొన్న ఎనిమిదో తరగతి పిల్లల తల్లులు ఇద్దరు చేరారు. మొదటి రోజే ఇద్దరూ చున్నీ నడుముకు చుట్టి పరుగు లంకించుకున్నారు. గేటు దగ్గర నుంచి సార్ కంటే ముందు నేనే అరిచాను.

పదమూడో ఎక్కం బాగా అలవాటైపోయి ఊపిరి లేకపోయినా నోటికి వచ్చేస్తోంది. అందుకని గత వారం నుంచి పదిహేడో ఎక్కానికి మారాను. పదిహేడు ఆరుల దగ్గర ఆగిపోతున్నాను. మెల్లగా నడిచేటప్పుడు కూడా అక్కడే ఆగిపోతున్నాను. ఈ సంగతి స్కూల్లో ఎవరికీ చెప్పలేదు.